ఎక్కడా లేని లీకు

"ఆగండి! మూత మీంచి చెయ్యి తియ్యండి!"

ఆ కేకకి మనవాడి చేతిలోని నీళ్ల సీసా జారి కాళ్ల మీద పడింది. దారిలో ఆగిపోయిన కారు బానెట్ కింద నుంచి ఆవిరి బుసలు కొడుతోంది. అది కాస్త పలచబడ్డాక ఓ అమ్మాయి కనిపించింది. బుగ్గ మీద గ్రీజు మరక, చేతిలో స్పానరు, కళ్లనిండా కోపం. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. మనవాడు కారు సంగతి అక్కడికక్కడే మర్చిపోయాడు.

"వేడి మీదున్న రేడియేటర్ మూత తీస్తే మొహం ఉడికిపోతుంది. ఆ మాత్రం తెలీదా?"

"పాపం దాహమేసిందేమో, కాసిని నీళ్లు పోద్దామని..."

"ఏం నీళ్లు?"

"కుళాయి నీళ్లండి."

ఆమె నెత్తి కొట్టుకుంది.

మనవాడు కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాడు. ఊరందరి చూపూ సరిచేసే ఈ మహానుభావుడికి, రోజూ వచ్చే దారిలో ఓ గ్యారేజీ ఉందనీ, దాని ఓనరుకి ఇలాంటి కూతురుందనీ ఇన్నాళ్లూ కనపడలేదు. ఆ ఓనరుగారు ముక్కు మీంచి జారిపోతున్న కళ్లజోడుతో బెంచీ మీద కూర్చుని అంతా చూస్తున్నాడు.

"రేడియేటర్ పోయింది. మార్చాలి. కూలెంటూ కొత్తది పొయ్యాలి," అందామె.

మనవాడు అలమర వంక చూశాడు. "ఆ గులాబీ రంగుది పొయ్యండి. భలే ఉంది."

"ఇదేమన్నా బట్టల షాపా? రంగుదేముంది, కంపెనీకో రంగు. మీ కారు పుస్తకంలో ఏ రకం రాశారో అదే పొయ్యాలి. రకాలు కలిపేస్తే లోపల జిగురులా గడ్డకట్టినా కట్టొచ్చు."

"మరి నీళ్లు?"

"డిస్టిల్డ్ వాటర్. కుళాయి నీళ్లలో ఉప్పులుంటాయి, సన్నగొట్టాల్లో పేరుకుపోతాయి. ఇవి సగం, కూలెంట్ సగం."

"ఉత్త కూలెంటే పోసేస్తే ఇంకా మంచిది కదా?"

"కాదు. వేడిని బాగా లాక్కునేవి నీళ్లే. తుప్పు పట్టకుండా, తొందరగా మరిగిపోకుండా చూసేది కూలెంట్. ఒకటి లేకపోతే రెండోది సరిగ్గా పనిచెయ్యదు."

ఆ ఆఖరి మాట మనవాడి గుండెలో తిన్నగా వెళ్లి కూర్చుంది.

"ఇంకోటి, ఇది తియ్యగా ఉంటుంది. కింద ఒలికితే పిల్లులూ కుక్కలూ నాకి ప్రాణాల మీదకి తెచ్చుకుంటాయి. జాగ్రత్త."

లోపలికెళ్లాక ఓనరుగారు కూతురితో అన్నాడు, "ఈ బండి నువ్వొక్కదానివే చెయ్యమ్మా. ఇదే రిపేరుకి మళ్లీ వెనక్కి రాకపోతే, పక్క షెడ్డు నీదే." ఎన్నాళ్లనుంచో ఆమె కలలు కంటున్న షెడ్డు అది. ఆ మాట మనవాడు వింటే ఎంత బాగుండేది! అతను వాన వంకా ఆమె వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

కొన్నాళ్లకే మళ్లీ వచ్చాడు. "కూలెంట్ తగ్గిందండి."

ఆమె కలిపి పోసింది. రేకుల కింద టీ తాగారు. మళ్లీ తగ్గింది. మళ్లీ టీ. రేకుల మీద వాన చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినపడక దగ్గరగా జరిగేవారు. వాన వెలిసినా అలాగే కూర్చునేవారు. షాపులో ఎవరి కళ్లు పరీక్ష చేస్తున్నా మనవాడికి ఆ గ్రీజు మరకే గుర్తొచ్చేది.

అసలు సంగతి చెప్పెయ్యనా? పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రిజర్వ్ డబ్బాలోంచి సిరంజీతో కాస్త కాస్త లాగేసేవాడు, దొంగ!

ఓ మధ్యాహ్నం మాత్రం ఆమె మొహం వాడిపోయి ఉంది.

"రేపు ఇంజిన్ విప్పాలంటున్నాడు నాన్న. నా బిగింపే సరిగ్గా లేదట. ఇక షెడ్డు ఆశ వదులుకో అన్నాడు." కళ్లు తుడుచుకుంది. "పోయినసారి కూలెంట్‌లో ఓ మందు కలిపాను. చీకట్లో నీలం లైటు వేస్తే లీకున్న చోట మెరుస్తుంది. దొరికితే ఇవాళే దొరకాలి."

షెడ్డు సంగతంతా అడిగి తెలుసుకున్న మనవాడు తాగుతున్న టీ పక్కన పెట్టేశాడు.

ఆమె షట్టర్ దించింది. నల్లటి మబ్బు, పైన వాన, లోపల చీకటి. నీలం వెలుగు గొట్టాల మీదుగా మెల్లగా పాకింది. ఎక్కడా చుక్క లేదు.

"మరెక్కడికి పోతోంది?" ఆమె లైటుని మళ్లీ మొదటి గొట్టం మీదికి తిప్పింది.

చెబితే ఈ గుమ్మం మళ్లీ తొక్కనివ్వదు. చెప్పకపోతే ఆమె షెడ్డు పోతుంది. మనవాడు కళ్లు మూసుకున్నాడు.

"లీకు లేదండి. నేనే తీసేస్తున్నాను."

"ఊరుకోండి. నన్ను ఓదార్చడానికి అబద్ధాలు చెప్పకండి."

అంటూనే లైటు అతని వైపు తిప్పింది. వేళ్ల మీద, గోళ్ల సందుల్లో, పచ్చపచ్చగా మెరుపు!

ఆమె అతని చెయ్యి పట్టి లైటు దగ్గరికి లాగింది.

"ఎందుకు?"

"అది తగ్గకపోతే ఇక్కడికి రావడానికి నాకు వేరే వంకేముంది? మీరంటే ఇష్టం. ఆ మొదటి కేక దగ్గర్నుంచీ ఇష్టం."

"నాకు నిద్రల్లేవు తెలుసా! నా పనే తప్పనుకుని ఎంత ఏడ్చానో! తీసిందంతా ఏ కాలవలో పారబోశారు?"

"పారబొయ్యలేదు. పిల్లులు నాకుతాయన్నారుగా. సీసాల్లో పోసి, మూతలు బిగించి అటక మీద పెట్టాను."

"అంతా?"

"చుక్క పోకుండా."

తను మాటవరసకి అన్నదాన్ని ఇంత భద్రంగా దాచుకున్నవాడు ఇంతవరకూ ఆమెకి తారసపడలేదు. కోపాన్ని పట్టి ఉంచాలని చూసింది. ఎంత బిగబట్టినా నవ్వొచ్చేసింది.

"అమ్మాయ్, లీకు దొరికిందా?" షట్టర్ అవతల నుంచి తండ్రి.

"దొరికింది నాన్నా! నా బిగింపు నిక్షేపంలా ఉంది. లీకు బండిలో కాదు, బండాయనలో!"

షట్టర్ పైకి లేచింది. ఓనరుగారు జారిన కళ్లజోడు మీదుగా కూతుర్ని చూశాడు, మనవాణ్ని చూశాడు, మనవాడు వెనక్కి దాచుకుంటున్న చేతుల్నీ చూశాడు. గోడ మేకునున్న పక్క షెడ్డు తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"నువ్వు కళ్లజోళ్ల షాపులోగా, బాబూ? నాది ఊరికే జారిపోతోంది. ఆదివారం ఇంటికొచ్చి బిగించు."

మనవాడు దాచుకున్న చేతులు ముందుకి తెచ్చాడు. "అలాగేనండి. మళ్లీ... వదులైతేనో?"

ఆయన కూతురి మొహం వంక ఓసారి చూశాడు. కళ్లజోడు తీసి, రెండు కాడల్నీ చేతుల్తోనే కాస్త వెడల్పు చేశాడు.

"అవుతూనే ఉంటుందిలే."