ఎర్రదారం ముడి

"ఎర్రదారాలన్నీ ఏవే అమ్మా?"

వంటింటి అలమర ముందు నిలబడి, పైఅర తడిమి, కిందిఅర తడిమి అత్తగారు గాభరాగా అరిచేసరికి కోడలు చిన్ని పరుగున వచ్చింది. పెద్దావిడకి చూపు సరిగా ఆనదు. పొట్లాల మీద గడువు తేదీలు చదవలేదు. అందుకే ఎవరిచేతనైనా చదివించుకుని, గడువు దగ్గరపడ్డ ప్రతి సరుకుకీ ఎర్రదారం చుట్టి, మీద మూడు ముళ్ళు వేస్తుంది. చేతికి దారం తగిలిందంటే ముందు దాన్ని వాడెయ్యాలని గుర్తు. ఆ ఇంట్లో అదే చట్టం.

"సెలవుల పెట్టెలో వేసేశానత్తయ్యా. స్కూలు దగ్గర పెట్టారుగా, బడిభోజనం లేని ఈ సెలవుల్లో పొయ్యి వెలగని ఇళ్ళకి సరుకులిమ్మని. సంచీ నిండా ఇచ్చాను! నేనేమైనా ఎంగిలిచేత్తో కాకిని తోలనిదాన్నా?"

"దారం కట్టినవే ఏరి మరీ ఇచ్చావన్నమాట!"

"అలమరా ఖాళీ అయింది, పుణ్యమూ వచ్చింది. తప్పేముందీ?"

"మన పిల్లలు మొహం తిప్పుకున్నవి పరాయి పిల్లలకి పెట్టి పుణ్యమంటావేమిటే..." అని గొణుక్కుంటూ అత్తగారు వెళ్ళిపోయింది. కోడలికి ఒళ్ళు మండింది. ఇచ్చినా తప్పే, ఇవ్వకపోయినా తప్పే! ఈ ఇంట్లో తనేం చేసినా ఇంతేకదా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సెలవులు మొదలయ్యాక మనసు బాగోక అక్కని చూడ్డానికి బయల్దేరింది. తల్లి పోయాక తల్లయిన అక్క! రాత్రనక పగలనక కుట్టుమిషను తొక్కి చెల్లెల్ని చదివించి, పెళ్ళి చేసి పంపిన అక్క! ఈ మధ్య రాకపోకలు తగ్గించేసింది. ఫోన్ చేస్తే "పని తెమలటం లేదే చిన్నీ" అంటుంది. చేతినిండా పనుంటే మంచిదేగా అని సంబరపడింది, పిచ్చిది!

అక్క ఇంట్లో అడుగుపెట్టగానే మిషను ఉండాల్సిన మూల బోసిగా కనిపించింది. నేలమీద దాని కాళ్ళ గుర్తులు మాత్రం మిగిలాయి. అక్క కుడి మణికట్టుకి గుడ్డ చుట్టి ఉంది.

"మిషనేదే అక్కా?"

"చెయ్యి లేవటం లేదే... అమ్మేశాం. మీ బావ పనిచేసే గోదాం కూడా మూసేశారు. కూర్చో ముందు, టీ పెడతాను!"

ఇంతలో అక్క కూతురు "పిన్నీ!" అంటూ వచ్చి చుట్టేసుకుంది. దాని జడ చివర ఎర్రదారం... మూడు ముళ్ళు! చిన్ని చూపు అక్కడే ఆగిపోయింది. అంతలో అక్క పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. అందులో బిస్కెట్లు. తన పిల్లలు మెత్తబడ్డాయని వద్దన్న బిస్కెట్లు! ఇంటికొచ్చిన చెల్లెలికోసం, ఉన్నవాటిలో మంచివని దాచినవి!

ఒకటి నోట్లో పెట్టుకుంది. వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడవకే పిచ్చిదానా! మీ అత్తగారి ముడి నాకు తెలియదా? ఎన్నిసార్లు మీ ఇంట్లో భోంచేశానూ! స్కూలు దగ్గర వరుసలో నిలబడటానికి సిగ్గుతో చచ్చిపోయాననుకో... సంచీ విప్పితే నీ వంటిల్లే కనిపించింది. పుట్టింటినుంచి మూట వచ్చినంత సంతోషమేసింది."

"అవి ఎందుకిచ్చానో నీకు తెలియదక్కా..."

"తెలుసే. దారం ఉన్నవి ముందు వండాలి. ముందే వండుకున్నాం." అక్క వచ్చి పక్కన కూర్చుంది. "ఒక్కటే అడుగుతాను చిన్నీ. వరుసలో నేనున్నానని తెలిస్తే, నా సంచీలో ఏం పెట్టేదానివే?"

చిన్ని కిందికి జారి కూలబడింది. అక్క ఒళ్ళో తలపెట్టుకుని "రేపే అన్నీ తెస్తానే!" అంది.

"వద్దు! నిన్ను పెంచిన చేత్తో నీ దగ్గర పుచ్చుకోలేను, నన్నా గతికి తేకు. అంతగా ఉంటే ఆ పెట్టెలోనే వెయ్యి. మా వంతుకి వస్తే వస్తుంది, లేదంటే ఇంకెవరికో చేరుతుంది." అక్క చెల్లెలి కళ్ళు కొంగుతో తుడిచింది. "నువ్వు మాత్రం వస్తూ ఉండు. టీకి లోటు చెయ్యనులే!"

ఇంటికొచ్చి అత్తగారికి అంతా చెప్పుకుని ఏడ్చింది. ఆవిడ దెప్పలేదు. కోడలి వీపు నిమిరింది.

మర్నాడు పొద్దున్నే చిన్ని అలమర తెరిచింది. ప్రతి పొట్లం చేతిలోకి తీసుకుని అక్క మొహం తలుచుకుంది. సన్నబియ్యం, పప్పు, పిల్లలు కొట్టుకుచచ్చే బిస్కెట్లు సంచీలోకి వెళ్ళాయి. చివరికి సీలు తియ్యని తేనెసీసా పెట్టబోతుంటే అత్తగారు చెయ్యి చాచి తడిమి చూసింది.

"దీనికి దారం లేదే! ఇంట్లో ఉన్నది ఇదొక్కటే కదూ?"

"అవునత్తయ్యా. అక్కకి."

"మీ అక్కకే చేరుతుందని ఏముందే?"

చిన్ని కళ్ళు తుడుచుకుని సంచీ మూతి బిగించింది.

"చేరకపోవచ్చత్తయ్యా... ఎవరో ఒక అక్కకి."