ఇంటిపేరు లేని పార్సెల్

పార్సెల్ మీద ఇంటిపేరు రాయకపోవడం సూర్యకళ తప్పు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

నేను మా ఊరి హైస్కూల్లో పదో తరగతి వరకు చదివాను. ఉత్తరం మీద అడ్రస్ ఎలా రాయాలో ఏడో తరగతిలోనే నేర్పారు. ముందు ఇంటిపేరు, తర్వాత పేరు, ఆ తర్వాత వీధి, ఊరు. సూర్యకళ విశాఖపట్నంలో డిగ్రీ చదివింది. అయినా ఇలా రాసింది: సూర్యకళ, కేరాఫ్ సత్యప్రసాద్. కింద మా ఊరి పేరు. అంతే.

మాది సామర్లకోట పక్కన కాలువ గట్టు మీద ఊరు. అన్నవరం దగ్గరే. కొండెక్కి వ్రతం చేసుకోవడం, పుట్టినవాడికి స్వామి పేరు పెట్టుకోవడం మా వైపు అలవాటు. ఊళ్ళో ఐదుగురు సత్యప్రసాద్‌లు ఉన్నారు. నన్ను గేదెల సత్యప్రసాద్ అంటారు. కొరియర్ అతనికి ముందు మా ఇల్లు తగిలింది, ఇచ్చేసి పోయాడు.

ఆ వారం నేను తెలకపిండి చెక్క కోసం ఎదురుచూస్తున్నాను. కొత్తగా పెట్టిన నూనె మిల్లు వాళ్ళు గేదెలకి వేసి చూడమని నమూనా పంపిస్తామన్నారు. పార్సెల్ విప్పితే కాగితంలో చుట్టిన గుండ్రటి చెక్క ఉంది. నల్లగా, గట్టిగా, పళ్ళెమంత. కాగితం మీద అక్షరాలు అర్థం కాలేదు. కళ్ళజోడు లేకపోతే నాకు తెలుగు అక్షరాలు కూడా అర్థం కావు. వాసన చూస్తే మట్టి వాసన. పాతబడ్డ సరుకు అంటగట్టారనుకున్నాను. పగలగొట్టి కుడితిలో నానబెట్టాను.

పెద్ద గేదె తొట్టి అడుగు దాకా నాకింది.

మర్నాడు పొద్దున్నే ఒకావిడ స్కూటీ మీద వచ్చింది. ముప్పై ఆరేళ్ళు ఉంటాయి. సామర్లకోటలో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుందని తర్వాత తెలిసింది.

"సత్యప్రసాద్ గారండీ?"

"ఏ సత్యప్రసాద్ కావాలి?"

"నా పార్సెల్ తీసుకున్న సత్యప్రసాద్ గారు కావాలండి."

"అందులో ఏముంది?"

"టీ అండి."

"టీ లేదు. తెలకపిండి ఉంది."

"తెలకపిండి కాదండి బాబూ! చైనా టీ. పూఎర్ అంటారు. ఆకుని పులియబెట్టి, చెక్కలా నొక్కి, ఏళ్ళ తరబడి దాస్తారు. నేను తెప్పించింది తొమ్మిదేళ్ళది. ఎక్కడుందండీ?"

నేను గేదెని చూపించాను.

ఆమె గేదెని చూసింది. గేదె ఆమెని చూసింది.

"మొత్తమా?"

"తొట్టి కూడా నాకింది."

"నిద్రపోయిందాండీ?"

"లేదు. పలుపు రెండుసార్లు తెంపింది."

కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది. పాక గుంజ పట్టుకుని, ఊపిరాడనట్టు నవ్వింది. మా ఇంట్లో నవ్వు వినపడి మూడేళ్ళయింది. నాకు నచ్చలేదు.

నవ్వు వినగానే బుల్లియ్య గోడ మీంచి తల పెట్టాడు. పక్కింటివాడు. ఎవరింట్లో ఏం జరిగినా అతని తల గోడ మీద ఉంటుంది.

"ఏంటండీ సంగతి?"

"నా పూఎర్ టీ వీళ్ళ గేదె తాగేసిందండి."

"పూరీ టీయా? మరి కూరేదండీ?"

నేను బుల్లియ్యని పట్టించుకోలేదు. ఆమెనే అడిగాను.

"ఇంటిపేరు ఎందుకు రాయలేదు?"

ఆమె నవ్వు ఆగింది. "రాసి కొట్టేశానండి" అంది. వెంటనే మాట మార్చింది. "మీ ఇంటిపేరేంటండీ?"

"చిక్కాల."

ఆమె నా పొట్ట వైపు చూసింది. అప్పుడు నేను తొంభై ఆరు కేజీలు.

"చిక్కాలండి" అంది. "తప్పకుండా చిక్కాలి."

బుల్లియ్య గోడ మీంచి జారిపోయేంత నవ్వాడు. నలభై రెండేళ్ళుగా మోస్తున్న ఇంటిపేరు. అందులో ఆ అర్థం ఉందని నాకెవరూ చెప్పలేదు.

"నష్టం ఏం ఇచ్చుకోవాలి?" అన్నాను.

"నాన్నగారి కోసం తెప్పించానండి. ఆయన కూడా సత్యప్రసాదే, కాలువ మలుపు దగ్గర కొత్తగా ఇల్లు కొన్నారు. మళ్ళీ తెప్పిస్తాను. మీకూ ఒక చెక్క తెప్పిస్తాను. మీరు తాగాలి. అదే నష్టం."

"నేనెందుకు తాగాలి?"

"గేదె ఒక్కదాని మాట మీద బాగుందని ఎలా నమ్మనండీ?"

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం ఆమె మళ్ళీ వచ్చింది. చిన్న కెటిల్ కూడా తెచ్చింది. చెక్క నుంచి చెంచాడు ఆకు విడగొట్టి, మరిగే నీళ్ళు పోసి, వెంటనే ఆ నీళ్ళు పెరట్లో పారబోసింది.

"ఎందుకు పారబోశారు?"

"మొదటి నీళ్ళు ఆకు కడగడానికండి."

"కడగాల్సిన సరుకు ఎందుకు కొన్నారు?"

"మీరు బియ్యం కడగరాండీ?"

రెండోసారి నీళ్ళు పోసి గ్లాసులో ఇచ్చింది. కాలువ నీళ్ళ రంగు. వానకి తడిసిన గడ్డివాము వాసన.

"ఎలా ఉందండీ?"

"గేదెకి నచ్చిందంటే ఆశ్చర్యం లేదు."

అదే ఆకు మీద మళ్ళీ నీళ్ళు పోసింది. ఐదుసార్లు పోసినా రంగు దిగుతూనే ఉంది. నాలుగో గ్లాసుకి అది గడ్డివాములా అనిపించడం మానేసింది. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

"బరువు తగ్గుతుందా?" అన్నాను. "ఫోన్లో నెలకి పది కేజీలని చూపిస్తున్నారు."

"అది అబద్ధమండి."

అమ్మేవాళ్ళే కాదు, ఊరికే తెచ్చి ఇచ్చేవాళ్ళు కూడా తమ సరుకు గురించి ఆ మాట అనరు. నేను ఆమె వైపు సరిగ్గా చూసింది అప్పుడే.

"తిన్నది అరగడానికి బాగుంటుంది, కడుపు తేలిగ్గా ఉంటుందని తాగేవాళ్ళు అంటారు. కొవ్వు కొంచెం తగ్గుతుందని కొన్ని పరీక్షల్లో కనపడిందట. అంత కచ్చితంగా ఎవరికీ తెలీదు. రోజుకి టీ ఎన్నిసార్లండీ మీరు?"

"ఆరుసార్లు."

"పంచదార?"

"మూడేసి చెంచాలు."

"గేదెపాలు?"

"ఇంట్లో గేదెలుండగా ఆవుపాలు కొనాలా?"

"అదండి సంగతి. ఇందులో పాలు పొయ్యరు, పంచదార వెయ్యరు. ఆ ఆరూ మానేసి ఇది మూడుసార్లు తాగితే తగ్గుతారు. పేరు టీకి వస్తుంది. ఖాళీ కడుపుతో వద్దు. మందులేమన్నా వేసుకుంటుంటే డాక్టర్ని అడగండి. సాయంత్రం ఐదు దాటాక అసలు వద్దు."

"ఎందుకు?"

"పలుపు తెంపుతారు."

మూడు నెలలు తాగాను. ఆదివారం ఆదివారం ఆమె వచ్చేది. ఆకు అయిపోయిందేమో చూడ్డానికని చెప్పేది. చెక్క ఎంత ఉందో బయటికే కనపడుతుంది. నేను ఆ మాట అనలేదు.

బుల్లియ్య అన్నాడు. "ఏవండీ, ఆవిడ టీ కోసం వస్తుందా, మీ కోసం వస్తుందా?"

"గేదె కోసం."

"గేదెకి పౌడరు రాసుకుని వస్తారాండీ ఎవరన్నా?"

నేను అతని వైపు గోడ రెండడుగులు ఎత్తు చేయించాను. పీట వేసుకుని చూడ్డం మొదలుపెట్టాడు.

మూడో నెల చివర ల్యాబుకి వెళ్ళాను. ఎనభై తొమ్మిది కేజీలు. రక్తం ఆమే తీసింది.

"నొప్పి పుట్టిందాండీ?"

"లేదు."

"మరి కళ్ళెందుకు మూసుకున్నారు?"

"లైటు."

పాత రిపోర్టుతో చూస్తే షుగరు తగ్గింది. దగ్గరికి వచ్చి వేలు పెట్టి చూపించింది. కాగితం నా చేతిలో ఉంది. అంత దగ్గరికి రావాల్సిన అవసరం లేదు. నేనూ పక్కకి జరగలేదు.

ఇక్కడ నాగదుర్గ సంగతి చెప్పాలి. నాగదుర్గ నా భార్య. మూడేళ్ళ కిందట జ్వరం వచ్చింది, నాలుగు రోజుల్లో పోయింది. చుట్టాలు పెద్దకర్మ దాకా ఉన్నారు. ఆ తర్వాత ఎవరూ గడప తొక్కలేదు. నేనూ ఎవరి గడపా తొక్కలేదు. వాళ్ళ పేర్లు ఇందులో రాయను.

నాగదుర్గ వంటింట్లో తరవాణి కుండ పెట్టుకుంది. గంజిలో గుప్పెడు అన్నం, ఉప్పు వేసి పులియబెడతారు. పుల్లని ఆ నీళ్ళే తరవాణి. రోజూ కొంత తీసుకుని, అంత కొత్త గంజి పోస్తారు. అడుగున పులుపు మిగిలే ఉంటుంది కాబట్టి కుండ ఎప్పటికీ పాతదే. ఆమె పోయాక కూడా నేను రోజూ గంజి పోశాను. మీద తేరింది పారబోశాను. తాగలేదు. ఎవరికీ పెట్టలేదు.

శ్రావణంలో ఒక ఆదివారం సూర్యకళ వచ్చిన కాసేపటికి వాన పట్టుకుంది. చూరు నీళ్ళు తెర దించినట్టు దిగుతున్నాయి. ఆమె అరుగు మీద నిలబడి వానని చూసింది. నేను ఆమెని చూశాను. ఆమె ఇటు తిరిగితే నేను గేదెని చూశాను. ఇలా మూడుసార్లయింది.

"గేదెకి బాగానే ఉందండి. అన్నిసార్లు చూడక్కర్లేదు" అంది.

తర్వాత టీకి నీళ్ళు పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే కుండ మీద మూత తీసి ఉంది. ఆమె చేతిలో గ్లాసు ఉంది.

"తరవాణి! ఇంట్లో ఇది పెట్టుకుని చైనా దాకా ఎందుకండీ? ఇదీ పులిసిందే. ఎంత బాగా పులిసిందో! మా అమ్మమ్మ తర్వాత మళ్ళీ..."

"అది మీది కాదు. పెట్టెయ్యండి."

ఆమె గ్లాసు కింద పెట్టింది. అప్పటికే సగం తాగేసింది.

"ఎవరిదండీ?"

"నా భార్యది."

"మీరు తాగరా?"

"తాగను."

"మరి ఎవరి కోసం పోస్తున్నారండీ రోజూ?"

"మీకు అనవసరం. ఇంటిపేరు కూడా రాసుకోలేని మనిషికి నా ఇంటి సంగతులు ఎందుకు?"

ఆ మాట అన్నాను. లేదని చెప్పను.

ఆమె నెమ్మదిగా కుండ మీద మూత పెట్టింది.

"పుట్టింటి పేరు తీసి అత్తింటి పేరు పెట్టారండి. విడాకులయ్యాక అది తీసి మళ్ళీ పాతది పెట్టారు. రెండుసార్లూ నన్నెవరూ అడగలేదు. టీ ఆర్డరు కాగితం మీద సగం రాశాక చెయ్యి ఆడలేదు. అందుకే కొట్టేశాను." గుమ్మంలోకి వెళ్ళి చెప్పులు వేసుకుంది. "పులిసింది తాగాలండి. తాగకుండా కూర్చుంటే పులవడం అయిపోయి కుళ్ళడం మొదలవుతుంది."

వానలోనే వెళ్ళిపోయింది.

ఆరు ఆదివారాలు రాలేదు. టీ చెక్క అయిపోయింది. బుల్లియ్య పీట దిగి, వాకిట్లోకి వచ్చి, నిలబడే అడిగాడు.

"ఏమన్నారండీ ఆవిణ్ణి?"

"ఏమీ అనలేదు."

"మీరు ఏమీ అనకపోతేనే మనుషులు వారం తిరిగి చూడరు. ఆరు వారాలంటే గట్టిగానే అనుంటారు."

ఏడో ఆదివారం కుండ మూత తీశాను. గ్లాసు ముంచి తాగాను. పులుపుకి కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. పులుపు వల్లే. నాగదుర్గ పెట్టిన రుచి అలాగే ఉంది. ఏమీ పోలేదు. మూడేళ్ళు నేనే తాగలేదు.

క్షమాపణ చెప్పడం నాకు అలవాటు లేదు. స్టీలు క్యానులో తరవాణి పోశాను. కాగితం చింపి పేరు రాసి క్యానుకి అంటించాను. సూర్యకళ. అంతే రాశాను. ఇంటిపేరు రాయలేదు. ఏడో తరగతి తర్వాత నేను అడ్రస్ తప్పు రాయడం అదే మొదలు. కాలువ మలుపు దగ్గర వాళ్ళ గుమ్మంలో పెట్టి, ఎవరినీ పిలవకుండా వచ్చేశాను.

తొమ్మిది రోజులకి కొరియర్ అతను వచ్చాడు.

"మీ ఇంట్లో సూర్యకళ గారు ఎవరండీ?"

"ఎవరూ లేరు. ఇంకో సత్యప్రసాద్ గారింట్లో ఇవ్వు."

"కాదండి. ఇంటిపేరుంది. చూడండి."

ఈసారి కళ్ళజోడు పెట్టుకున్నాను. రెండుసార్లు చదివాను.

చిక్కాల సూర్యకళ, కేరాఫ్ చిక్కాల సత్యప్రసాద్.

అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, ఆమె చేత్తో రాసినవే. కొట్టివేత లేదు.

గోడ మీంచి బుల్లియ్య అన్నాడు. "ఏం పార్సెలండీ?"

"తెలకపిండి."

సాయంత్రం ఆమె వచ్చింది. వెనకాలే వాళ్ళ నాన్నగారు, ఖాళీ క్యాను పట్టుకుని. నేను పార్సెల్ అరుగు మీద పెట్టి ఉంచాను. విప్పలేదు.

"మళ్ళీ గేదెకి పెట్టేశారేమో అనుకున్నానండి" అంది సూర్యకళ.

"అడ్రస్ సరిగ్గా ఉంది. అందుకని పెట్టలేదు."

"చెయ్యి ఆడిందండి ఈసారి." పార్సెల్ తన వైపు తిప్పుకుంది. "తప్పయితే కొట్టేస్తాను. పెన్ను తెచ్చాను."

నేను పెన్ను అడిగి తీసుకున్నాను. జేబులో పెట్టుకున్నాను.

"అక్కర్లేదు" అన్నాను.

ఆమె తల తిప్పుకుని గేదెని చూసింది. ఎప్పుడూ నేను చూసే గేదెని.

వాళ్ళ నాన్నగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. క్యాను అరుగు మీద పెట్టారు.

"మొన్నటి దాకా కేరాఫ్ సత్యప్రసాద్. ఇకపైనా కేరాఫ్ సత్యప్రసాదే కదండీ. పోస్టుకి ఇబ్బంది లేదు, నాకూ లేదు. ముందు దీన్నిండా తరవాణి పొయ్యండి బాబూ, ఆ చైనా కషాయం తాగలేక చస్తున్నాను."

కార్తీకంలో అన్నవరంలో పెళ్ళయింది. వ్రతంలో పంతులుగారు ఇంటిపేరు అడిగితే సూర్యకళే చెప్పింది, నేను నోరు తెరిచే లోపల. వంటింట్లో ఇప్పుడు కుండ పక్కన కెటిల్ ఉంది. కుండలో గంజి ఆమె పోస్తుంది. తాగేది ఇద్దరం. నేను ఎనభై నాలుగు కేజీలు.

అయినా ఆ మొదటి పార్సెల్ మీద ఇంటిపేరు రాయకపోవడం ఆమె తప్పే. రాసి ఉంటే అది మా ఇంటికి వచ్చేది కాదు. ఈ సంగతి నేను జన్మలో మళ్ళీ ఎత్తను.