వంతెన కింద ఎర

హైవే వంతెన కింద మంటలు ఇంకా ఆరలేదు. మధ్య భాగం మొత్తం కింది రోడ్డు మీదికి కూలిపడింది. రెండు వైపులా కనుచూపు మేర లారీలు, బస్సులు, ఆగని హారన్లు. ఎవరూ చనిపోలేదు, అదొక్కటే అదృష్టం. వంతెన కిందున్న పైపుల యార్డు వాచ్‌మన్ చేతులు మాత్రం మోచేతుల దాకా కాలిపోయాయి.

డిపార్ట్‌మెంట్‌లో అందరూ 'గద్ద' అని పిలిచే ఏజెంట్, ట్రాఫిక్ కానిస్టేబుల్ వేషంలో ఆ మంటలకేసి చూస్తూ నిలబడ్డాడు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. వంతెన కింద పేర్చిన ప్లాస్టిక్ పైపుల చుట్టలు విదేశీ ముఠావని అతనికి ముందే తెలుసు. అయినా తీయించలేదు. డిపార్ట్‌మెంట్ పద్ధతి అది: నిఘాలో ఉన్న ఎరను కదపకూడదు, దాని దగ్గరికి వచ్చినవాణ్ణి పట్టుకోవాలి. తీరా వచ్చినవాడు దగ్గరికే రాలేదు. కదిలే లారీ మీంచి పెట్రోల్ సీసా విసిరి చక్కా పోయాడు.

ఇయర్‌పీస్‌లో గాయని గొంతు పలికింది. పెద్ద హోటల్లో పాడుతుంది, ముఠా బాస్‌కి ప్రాణం. నిజానికి డబుల్ ఏజెంట్.

"ఆ పైపులు తీయించు మహానుభావా అని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"చెప్పావు తల్లీ. తప్పు నాదే. ఇప్పుడు వాళ్ళ ప్లాన్ ఏంటి?"

"హైవే మూసేస్తే బండ్లన్నీ పాత ఏటి రోడ్డుకే మళ్ళాలిగా. రాడార్ సైంటిస్ట్ కారు కూడా. మలుపులో ఒక నకిలీ కానిస్టేబుల్ దాన్ని క్వారీలోకి మళ్ళిస్తాడు. అక్కడ్నుంచి ఆయన్ని ఎత్తుకుపోతారు. వాడి బూట్లు చూడు. బురదలో డ్యూటీ చేసేవాడికి అంత మెరుపెక్కడిది?"

గద్ద మోటార్‌సైకిల్ మీద లారీల సందుల్లోంచి దూసుకెళ్ళాడు. మలుపులో తళతళలాడే బూట్లు కనిపించాయి. సైంటిస్ట్ నల్ల కారు అప్పటికే క్యూలో ముందుకొచ్చేసింది.

ఈసారి చీఫ్ గొంతు. "గద్దా, ముట్టుకోకు. కారుని క్వారీ దాకా పోనీ. బాస్ అక్కడే ఉన్నాడు. ఎరను కదపొద్దు."

"వెనక సీట్లో ఆయన కూతురు కూడా ఉంది సార్."

"పద్ధతి పద్ధతే."

గద్దకి వాచ్‌మన్ చేతులు కళ్ళముందు మెదిలాయి. "మీ పద్ధతికో దణ్ణం సార్!" అని ఇయర్‌పీస్ పీకి పారేశాడు.

నకిలీవాడు చెయ్యి ఊపాడు. కారు క్వారీ వైపు తిరిగింది. గద్ద బండిని దానికి అడ్డంగా పడేసి, సిగరెట్ లైటర్‌లా ఉన్న గ్యాస్ గన్‌ని వాడి మొహం మీద నొక్కాడు. వాడు దగ్గుతూ కుప్పకూలాడు. కారు బంపర్ బండి చక్రానికి తగిలి ఆగింది. క్వారీలోంచి ఒక జీపు దుమ్ము రేపుకుంటూ ఉడాయించింది.

"సైంటిస్ట్ దక్కాడు, బాస్ జారిపోయాడు," అన్నాడు చీఫ్, సాయంత్రం ఆఫీసులో. "నీకు మెడల్ ఇవ్వాలో మెమో ఇవ్వాలో తెలీక ఛస్తున్నాను."

"మెడల్ వద్దు సార్. ఆ వాచ్‌మన్‌కి నేనేం చెప్పాలి?"

"ఏమీ చెప్పకూడదు. సీక్రెట్." చీఫ్ కూడా అతని కళ్ళలోకి చూడలేకపోయాడు. "కొత్త వంతెన లేచేదాకా ఆ మలుపులోనే ట్రాఫిక్ డ్యూటీ చెయ్యి."

మర్నాడు మిట్టమధ్యాహ్నం, కదలని క్యూలోంచి ఒక లారీ డ్రైవర్ తల బయటపెట్టాడు.

"వంతెన కాలుతుంటే గుడ్లప్పగించి చూసినవాడెవడోగానీ, వాణ్ణి తీసుకొచ్చి ఈ ఎండలో నిలబెట్టాలన్నా!"

"నిలబెట్టార్లే అన్నా. నువ్వు బండి ముందుకు పోనీ," అన్నాడు గద్ద.