నర్మద చేతి ఛాయ్

"దొంగ! దొంగ!"

రామచంద్రం పరుగెత్తుతున్నాడు.

చంకలో ఎర్ర ఫ్లాస్కు. వెనక బావ!

చలికాలం. అందరూ అన్నాలకు కూర్చునే వేళ కూడా కాలేదు, అప్పుడే కటిక చీకటి. బొగ్గుబాయి మీద నాలుగు లైట్లుంటే మూడు వెలగవు. వెలిగే ఆ ఒక్కటీ 'భద్రతే ముందు' అన్న బోర్డు మీద ఉంది.

బొగ్గు మోసే టబ్బుల లైను. ఇనుప పట్టా కాలికి తగిలింది... తూలాడు... పడలేదు!

"ఆగుర! నా ఛాయ్‌ర గది!"

ఆ అరుపు హనుమండ్లుది. వైండింగ్ ఇంజన్ డ్రైవరు. బాయిలోకి మనుషుల్ని దించేదీ, పైకి లాగేదీ అతనే. రామచంద్రం చెల్లెలు నర్మద మొగుడు. ఇంటల్లుడు.

బెల్లంపల్లిలో బంగారం పోయినవాళ్ళు కూడా పోలీసు స్టేషనుకు నడిచే పోతారు. ఛాయ్ కోసం పరుగెత్తినవాణ్ని ఎవరూ చూడలేదు.

ఆ ఛాయ్‌లో ఏదో ఉందనడానికి అదే రుజువు!

ఆవులింత వచ్చింది. పరుగులో ఆవులింత!

పొద్దుటినుంచి ఇదే గోల. ముక్కు కారుతోంది. కీళ్ళు పీకుతున్నాయి. జలుబు. కక్ష తీర్చుకునే రోజే రావాలా ఇది?

భుజంతో ముక్కు తుడుచుకున్నాడు. ఉరికాడు.

కొన్ని నెలల కింద ఇదే బాయిలో కేజ్ పోయి అడుగున గుద్దుకుంది. మనుషుల్ని కిందికి దించే ఇనుప పెట్టె అది. దాంట్లో తమ్ముడు కైలాసం. కుడికాలు మోకాలి దాకా పోయింది.

విచారణ జరిగింది. తప్పు బ్రేకుదన్నారు. బ్రేకు ఎదురు చెప్పలేదు.

బావ దవాఖానకు బత్తాయిలు తెచ్చాడు. మంచం పక్కన కూర్చుని తనే ఒలుచుకుని తిన్నాడు. "తియ్యగ లేవు" అని వంక కూడా పెట్టాడు.

ఆ తొక్కలు ఎత్తి పారేస్తూ అనుకున్నాడు రామచంద్రం...

నిన్ను వదల!

మొన్న వైండింగ్ రూంలోకి తొంగి చూశాడు. బావ కూర్చునే నిద్రపోతున్నాడు. చెయ్యి లీవరు మీద! నోరు తెరిచి ఉంది. పక్కన ఫ్లాస్కు. రామచంద్రం లోపలికి పోయి, మూతలో మిగిలిన ఛాయ్ చుక్క నాలుక మీద వేసుకున్నాడు.

చేదు.

ఆ చేదు తెలుసు! చిన్నప్పుడు అవ్వ మగ్గం మీద కూర్చునే ముందు చంటిపిల్లల నోట్లో ఆవగింజంత పెట్టేది. పిల్లలు ఏడవరు. మగ్గం ఆగదు. కైలాసం అలాగే పెరిగాడు.

నల్లమందు!

వెంటనే మేనేజర్ కరుణాకర్‌రావు దగ్గరికి పోయాడు. ఆయన సోఫాకు కొత్తగా కుట్టించిన గవుసులు తొడుగుతున్నాడు. కూర్చోమనలేదు. గవుసులు తెల్లవి.

"నోటిమాట నడవదు. వస్తువు పట్టుకరా. మీరు మీరు సుట్టాలు. దసరాకు ఒక్కటైతరు, నడుమ నేను ఎడ్డోన్నైత."

అందుకే వైండింగ్ రూంలోంచి ఫ్లాస్కు ఎత్తుకుని ఈ పరుగు. ఇవాళ రామచంద్రానికి రెస్టు. లేకపోతే డ్యూటీకి పోతూ చెల్లెలి ఇంటి ముందు సైకిలాపి ఛాయ్ తాగి పోవడం అలవాటు. బావ మీద కక్ష వేరు. ఛాయ్ వేరు.

"దొరికినవ్ బిడ్డా!"

కాలర్ పట్టుకుంది ఓ చెయ్యి!

బొగ్గు కుప్ప దగ్గర ఇద్దరూ ఆగారు. రొప్పుతున్నారు. బావ చేతులు వణుకుతున్నాయి. ముక్కు కారుతోంది.

"బామ్మర్దీ... ఫ్లాస్కు ఇయ్యి. దండం పెడత."

"దండమా? పోయి కైలాసం కాలుకు పెట్టు!"

"ఛాయ్ లేకుంటే పానం నిలవడదుర. ఒకటే ఆవులింతలు. హోటల్ల నాలుగు తాగి సూసిన, గవ్వి పనిజెయ్యయ్. మా నర్మద చేతి ఛాయే గావాలె!"

నటన! ప్రతి పెళ్ళిలోనూ ఇదే పాట. ఎవరింట ఛాయ్ తాగినా "మా ఇంటిది పెట్టినట్టు లేదు" అంటాడు. పెళ్ళాం ముఖం మీద వేళ్ళ అచ్చులు మాత్రం ఎప్పుడూ కనపడవు ఆయనకు.

"ఇంక నాటకాలు బంజేయ్ బావా. కైలాసంను నువ్వే కుంటోన్ని జేసినవ్!"

"నేనా? గంట కొట్టింది ఎవర్ర? నువ్వు! రెండు కొట్టినవ్!"

రామచంద్రానికి రక్తం తలకెక్కింది.

బాయి పైన గంట కొట్టేది అతనే. రూంలో ఉన్న డ్రైవరుకు కేజ్ కనపడదు. గంట ఒక్కటే ఆధారం. మూడు దెబ్బలు మోగితే లోపల మనుషులున్నట్టు... మెల్లగా దించాలి. రెండే మోగితే ఖాళీ టబ్బులు... జోరుగా వదలొచ్చు.

"మూడు కొట్టిన!"

"రెండే ఇన్న!"

"నల్లమందు తాగినోనికి లెక్కలొస్తయార?"

"నల్లమందేందిర?"

తోశాడు! బావ బొగ్గు మీద పడ్డాడు.

అప్పుడు మోగింది...

టంగ్. టంగ్. టంగ్.

వైండింగ్ రూంలో గంట! కింద కేజ్‌లో మనుషులు. పైకి లాగమంటున్నారు.

లీవరు దగ్గర ఎవరూ లేరు!

టంగ్! టంగ్! టంగ్!

బావ తల తిప్పి వైండింగ్ రూం వైపు చూశాడు. తర్వాత ఫ్లాస్కు వైపు చూశాడు.

ఫ్లాస్కు వైపే లేచాడు!

రామచంద్రం కుప్ప అవతల పెట్టిన సైకిలెక్కాడు.

మేనేజర్ బంగళాకు కాలనీ మీదుగానే దారి. తొక్కుతున్నాడు. చెమట. చలిలో చెమట! ఇంకో రెండు సందులు... ఇంకో సందు...

కటక్!

చైను ఊడింది. సరిగ్గా చెల్లెలి క్వార్టరు ముందు. చైనుకు కూడా చుట్టరికం ఉన్నట్టుంది.

నర్మద గేటు దగ్గరే నిలబడి ఉంది. ముందు అన్నను చూసింది. తర్వాత ఫ్లాస్కును చూసింది.

"గదెందుకు తెచ్చినవన్నా?"

"మేనేజర్‌కిస్త. నీ మొగడు నల్లమందు తాగుతుండు. డ్యూటీల!"

"ఇయ్యకు."

"నీ పుస్తెల కోసం కైలాసం కాలు మర్చిపోవాల్నా?"

నర్మద అన్నను లోపలికి లాగి గేటు మూసింది. గొంతు తగ్గించింది.

"ఆయనకు తెల్వదన్నా... నేనే కలుపుతున్న."

...

"ఏందీ?"

"గాజులమ్మే ఆమె మారాష్ట్ర నుంచి తెచ్చిస్తది. ఆవగింజంత. అవ్వ పెట్టేది గదా మనకు, మగ్గం ఆగొద్దని."

"పిచ్చి లేసిందానే నీకు?"

"పెట్టిన కాన్నుంచి కొడ్తలేడు. తింటుండు, పంటుండు. డ్యూటీల పండుకుంట దొరికితే నౌకరి ఊడుతదనుకున్న. గట్లనన్న పగ తీరుతది అనుకున్న. కాలు పోతదనుకోలే..."

రామచంద్రం ఫ్లాస్కును చంకలోంచి తీసి చూశాడు.

ఫ్లాస్కు ఇస్తే చెల్లెలు జైలుకు. ఇవ్వకపోతే రేపు ఇంకో కేజ్... ఇంకో కాలు! బావ పేరు చెప్తే? అబద్ధం. కానీ తియ్యటి అబద్ధం.

"నువ్వా?"

వెనక గొంతు! ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

హనుమండ్లు. గేటు అవతల. ముఖం నిండా బొగ్గు. అంతా విన్నాడు!

"నువ్వు... నా ఛాయ్‌ల..."

చెయ్యి లేచింది. వణుకుతోంది. నర్మద కదల్లేదు. రామచంద్రం గేటు మీదుగా దూకి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"దించు బావా! ఇరుగ్గొడత!"

ఈ మాట ముందు ఎన్నడూ అనలేదు. అల్లుణ్ని అనకూడదు కదా.

జీపు లైట్లు! బ్రేకు చప్పుడు!

కరుణాకర్‌రావు దిగాడు. పక్కిళ్ళ తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. ఎదురింటాయన ఆరిన బట్టలు తియ్యడానికి వచ్చాడు. తీగ మీద బట్టల్లేవు. అయినా తీస్తున్నాడు.

"షిఫ్టంత కింద గంట కొట్టుకుంట సస్తుంటే, డ్రైవర్ ఇంటికాడ ఉన్నడా? ఇంకొకన్ని లేపి కూసోబెట్టి వచ్చిన! ఏం రామచంద్రం, దొరికిందా వస్తువు?"

ఫ్లాస్కు బరువెక్కింది.

"సార్..."

నర్మద ముందుకొచ్చింది.

"సార్, గది నేనే..."

"నేనే!"

అరిచింది బావ!

"నేనే ఏసుకుంటున్న సార్! రోజు ఏసుకుంట! నా పైస, నా నల్లమందు. మొగోన్ని, అలవాటున్నది. ఐతేంది?"

రామచంద్రం కళ్ళు పెద్దవయ్యాయి.

తర్వాత అర్థమైంది. పెళ్ళాం నెలల తరబడి చంటిపిల్లాణ్ని పండబెట్టినట్టు పండబెట్టిందంటే? కాలనీ పడి పడి నవ్వుతుంది. నల్లమందు తింటాడంటే? ఏదో అలవాటు పాపం, అంటుంది. నౌకరి పోతే ఇంకోటి దొరుకుతుంది. మీసం పోతే?

తీగ మీద లేని బట్టలు తీస్తున్నాయన తల ఊపాడు. "మొగోడు" అన్నాడు మెల్లగా.

"ఎక్కు" అన్నాడు మేనేజర్.

హనుమండ్లు జీపెక్కాడు. పెళ్ళికొడుకులా ముందు సీట్లో కూర్చోబోతే వెనక్కి తోశారు.

"రామచంద్రం, పొద్దుగాల రా. సాక్షివి నువ్వే."

ఫ్లాస్కు తీసుకున్నారు. జీపు కదిలింది... దుమ్ము... చీకటి.

అయిపోయింది!

కైలాసం కాలుకు లెక్క తేలింది. రామచంద్రం మెట్టు మీద కూలబడ్డాడు. తృప్తిగా ఒళ్ళు విరుచుకున్నాడు.

ఆవులింత వచ్చింది. దాని వెనకే ఇంకోటి.

"ఏందన్నా, గట్ల ఆవులిస్తున్నవ్?"

లోపల స్టవ్ మీద ఏదో మరుగుతోంది.

"జలుబే. పొద్దుగాల సంది. ఒళ్ళు నొప్పులు."

"జలుబు కాదు." నర్మద గ్లాసు తెచ్చింది. "ఇయ్యాల రెస్టని నువ్వు మా ఇంటికి రాలే గదా."

రామచంద్రం తలెత్తాడు.

"కొట్టిండని ఏడ్సుకుంట వస్తే ఏమన్నవ్ నువ్వు? అల్లుడు గదా, సర్దుకపో అన్నవ్. సైకిల్ మీద తెచ్చి దింపినవ్. గీ మెట్టు మీదనే కూసోని ఛాయ్ తాగినవ్. గప్పటి సంది... నీకు గూడ."

"నర్మదా!"

"నీ దాంట్ల అల్లం ఎక్కువ దంచేసిన. చేదు తెల్వద్దని."



కైలాసం కేజ్ ఎక్కిన రోజు! ముందు ఇక్కడ ఛాయ్ తాగాడు. అక్కడికి పోయాడు. కైలాసం కేజ్‌లోంచి నవ్వాడు. తను గంట తాడు లాగాడు...

టంగ్.

టంగ్.

మూడోది?

గుర్తు చేసుకుంటున్నాడు... మూడోది... మోగే ఉంటుంది... మోగింది కదా?

వినపడటం లేదు!

"కైలాసం ఒక్కడే నా తరఫున కొట్లాడిండు" అంది నర్మద. "వాని కాలే పోయింది. రేపు సాక్షివి గదా... ఎవ్వల మీద చెప్తవో సోంచాయించుకో."

గ్లాసు అతని ముందు మెట్టు మీద పెట్టింది. ఆవిరి. అల్లం వాసన.

తాగొద్దు... తాగొద్దు...

ముక్కు కారుతోంది. చేతులు వణుకుతున్నాయి. అందులో ఒకటి గ్లాసు దాకా పోయింది!

"సర్దుకపో అన్నా."

రామచంద్రం ఆవులించాడు.