పసుపు కుప్ప మీద పగులు

"నిన్న నా చేతులతోనే పెట్టిన... గీ సూట్‌కేసులనే పెట్టిన!"

శిరీష బట్టలన్నీ మళ్లీ దులిపింది. సూట్‌కేసు నోరు తెరుచుకుని పడి ఉంది. చీరలు, మందులు, సోల్డరింగ్ ఐరన్, మీటరు... అన్నీ ఉన్నాయి. పాస్‌పోర్టు ఒక్కటే లేదు! నిజామాబాద్ నుంచి కారు బయలుదేరింది. ఈ రాత్రి శంషాబాద్‌లో విమానం ఎక్కకపోతే ఆమె స్థానం ఇంకొకరికి పోతుంది!

ఏడో తరగతితో చదువాగిపోయిన ఏర్గట్ల ఊరి కోడలు ఆమె. మహిళా సంఘంలో సోలార్ దీపాలు బాగుచేయడం నేర్చుకుంది. ఆ నేర్పు చూసి ఒక సౌరశక్తి సేవాసంస్థ ఆరు నెలలు ఆఫ్రికాలోని మలావీకి రమ్మంది. అక్కడి పల్లెల్లో కాన్పుల గదిలో దీపం ఆరిపోతే, దాన్ని బాగుచేసుకోవడం ఆడవాళ్లకు ఆమె నేర్పాలి. తిండి, వసతి ఇస్తారు. జీతం లేదు!

"జీతం లేని దుబాయి యాడన్న ఉంటదా శిరీషా?" పక్కింటి గంగమణి గడపలోంచి నవ్వింది. "దేవునికే నచ్చనట్టుంది, పో!"

"నీ ఇంట్ల పొయ్యి మీద పాలు పొంగుతున్నయేమో, సూస్కో పో!" హన్మవ్వ కసిరింది. గంగమణి వెళ్లింది కానీ, అందరి చూపులూ హన్మవ్వ మీదే నిలిచాయి. కోడలి ప్రయాణం వద్దని రెండు పూటలు అన్నం మానేసింది ఆ అత్తగారే కదా!

"నానమ్మా... నిజం చెప్పు. నువ్వేనా?" శిరీష కూతురు అంకిత ఏడుపు ఆపుకుంటూ అడిగింది.

"వద్దన్న బిడ్డా. మొఖం మీదనే అన్న. దొంగతనం నాకెందుకే?"

"అవ్వను అనకుండ్రి," అన్నాడు శిరీష భర్త నరేందర్ మంచం మీంచి. "పోనీ శిరీషా... కారు వద్దని ఫోన్ చెయ్యనా? పాస్‌పోర్టు ఇంకొకని చేతుల పడితే మనిషి ఎట్లయితడో నాకు తెల్వదా?"

తెలుసు! సౌదీలో పనిచ్చిన సేట్ అతని పాస్‌పోర్టును నాలుగేళ్లు బీరువాలో పెట్టి తాళం వేశాడు. తండ్రికి కొరివి పెట్టడానికైనా రాలేకపోయాడు. పెళ్లయిన ఏడాదికే గల్ఫ్ పోయి, పదహారేళ్లు అక్కడే అరిగిపోయి, కిందటి దసరాకు తిరిగొచ్చాడు. భార్యకు ఈ సూట్‌కేసు కొన్నదీ అతనే!

అంకిత చేతిలో ఫోన్ మోగింది. సంస్థ తరఫున ప్రయాణాలు చూసే కల్యాణి, బోధన్ అమ్మాయి. "ఇంకో అరగంట చూస్తానండీ. దొరక్కపోతే టికెట్ రద్దు చేయక తప్పదు. ఎవరైనా తీశారంటే చెప్పండి, పోలీసులకు ఫిర్యాదు ఇద్దాం."

ఇంట్లో వెతకని మూల లేదు. శిరీష పెరట్లోకి పరుగెత్తింది. వేపచెట్టు నీడలో విత్తనపు పసుపు కుప్ప ఉంది. కొమ్ముల మీద పసుపాకు కప్పి, మట్టీ పేడా కలిపి అలికేస్తారు. తొలి వానలు పడే మిరుగు కార్తె దాకా దాన్ని ఎవరూ ముట్టరు. గాలి తగిలితే విత్తనం పాడవుతుంది మరి!

అప్పటికే హన్మవ్వ వచ్చి దానికి వీపు ఆనించి కూర్చుంది.

"లెవ్వు అత్తమ్మా."

"నేనే దాచిన! తిట్టు, కొట్టు... నన్నే అను బిడ్డా!"

శిరీష ఆమెను పక్కకు జరిపింది. అక్కడ జానెడు మేర అలుకు నెర్రెలిచ్చి ఉంది. వేళ్లు దూర్చి ఆకు కింద తడిమింది. ప్లాస్టిక్ కవరులో పాస్‌పోర్టు! గుండెలకు హత్తుకుంది... కానీ ఆమె చూపు అరచేతిలో పొడిపొడిగా రాలిన మట్టి మీద ఆగిపోయింది. ఉత్త మట్టి! పేడ కలవని అలుకే ఎండగానే ఇట్లా పగులుతుంది.

"పేడ కలపకుంట నువ్వు ఏనాడన్న అలికినవా అత్తమ్మా?"

హన్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ పగులు చూడగానే ఆమెకు ముందే అర్థమైపోయింది, అందుకే వీపుతో కప్పింది. ఈ ఇంట్లో అంకిత కూడా చేయని పొరపాటు అది. పదహారు వేసవులు ఈ పెరటికి దూరంగా ఉన్న మనిషి తప్ప!

అంకిత ఫోన్‌తో వచ్చింది. వెనకే నరేందర్... పాస్‌పోర్టు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"సేట్ నీ పాస్‌పోర్టు దాస్తే నాలుగేండ్లు ఏడ్చినం గదయ్యా..." శిరీష కళ్లు ధారలు కట్టాయి. "గా తాళం నాకెందుకేసినవ్?"

"భయమైంది శిరీషా... నువ్వు గూడ అక్కడ చిక్కుకుంటవని..."

"దొరికిందాండీ? ఎవరు తీశారు?" ఫోన్‌లో కల్యాణి గొంతు.

"నా పేరు చెప్పు బిడ్డా... నీ కాల్మొక్త!" హన్మవ్వ కోడలి చెయ్యి పట్టుకుంది.

పద్దెనిమిదేళ్ల కాపురంలో శిరీష మొగుని పేరు నోటితో పలకలేదు. 'అంకిత బాపు' అనేది. పాస్‌పోర్టు ఆఫీసులో అడిగినా కూతురితోనే చెప్పించింది. ఇప్పుడు అత్త చేతిని మెల్లగా విడిపించుకుని ఫోన్ అందుకుంది.

"కారును రానియ్యుండ్రి మేడం, నేను పోతున్న. తీసింది మా అత్తమ్మ కాదు." తలెత్తి, అతని కళ్లలోకి సూటిగా చూసింది.

"నరేందర్!"