బిరడాలిచ్చిన చెయ్యి

మోండా మార్కెట్ వెనక సందులో మోటారు బండ్లు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాణ్ణి. నిజాం లొంగిపోయి, యూనియన్ ఫౌజు సికింద్రాబాద్‌లోకి వచ్చిన వారం అది. దుకాణాలు మూసే ఉన్నాయి. టాంగాలు తిరగడం లేదు. నేను షెడ్డులో ఒంటరిగా కూర్చుని బోల్టులు విప్పే పాత పానాలకు నూనె రాసుకుంటున్నాను. మధ్యాహ్నం అల్వాల్ నుంచి కూరగాయల మనిషి ఒకడు నడిచి వచ్చి కబురు చెప్పాడు.

"జిలానీ, నీ పెండ్లానికి పొద్దటినుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందంట. జల్ది నర్సమ్మను తీస్కరమ్మన్నది మీ అత్త."

హజీరాకు అది తొలి కాన్పు. అల్వాల్‌లో పుట్టింట్లో ఉంది.

కాన్పులు చేసే నర్సు మేబెలమ్మ ఇల్లు మా సందు చివరే. పెద్ద మనిషి, మోకాళ్ళ నొప్పులు. అంత దూరం నడవలేదు. షెడ్డులో ఒక పాత మోటార్ సైకిల్ ఉంది. దాని యజమాని ఊరు విడిచిపోతూ మాకు అప్పజెప్పాడు. దాని క్లచ్ అప్పటికే నీరసంగా ఉందని నాకు తెలుసు. వేరే దారి లేదు. మేబెలమ్మను ఎక్కించుకుని బయలుదేరాను.

పెద్ద రోడ్డు మీద ఫౌజు లారీలున్నాయి. నన్ను ఆపి పేరడిగితే, ముస్లిం పేరు విని ఏం చేస్తారోనని భయం. కంటోన్మెంట్ బంగళాల వెనక మట్టిదారి పట్టాను. మబ్బులు కమ్ముకుని పగలే చీకటి పడింది. తడిమట్టి వాసన. కాసేపటికి దానిలో మాడిన వాసన కలిసింది.

ఒక చిన్న ఎత్తు దగ్గర బండి ఆగిపోయింది. ఇంజన్ అరుస్తోంది. గేరు పడింది. చక్రం మాత్రం తిరగడం లేదు.

దిగి చూశాను. క్లచ్ తీగ తెగలేదు. బిగుసుకుందేమోనని వదులు చేశాను. అదీ కాదు. మూత విప్పి, స్ప్రింగులు తీసి, క్లచ్ పళ్ళేలు ఒక్కొక్కటే బయటికి లాగాను. పళ్ళేల బెజ్జాల్లో ఉండాల్సిన బెండు ముక్కలు మాడి పొడైపోయాయి. బెండు లేకపోతే ఇనుము ఇనుము మీద జారుతుంది, పట్టు దొరకదు.

"అయితదా?" అంది మేబెలమ్మ, గొడుగు నా మీద పట్టి.

"బెండు దొరికితే అయితది. సీసాల బిరడాలైనా సరే. కానీ ఈడ ఎవరిస్తరు?"

దారి పక్కన ఒక పాత పెంకుటిల్లు. పరుగెత్తి తలుపు కొట్టాను. చాలాసేపు ఎవరూ పలకలేదు. హజీరా నొప్పులు పడుతూ నాకోసం చూస్తూ ఉంటుంది... మళ్ళీ కొట్టాను.

తలుపు జానెడు తెరుచుకుంది. లోపల చీకటి.

"ఏం గావాలె?" ఆడగొంతు. మెల్లగా.

"అమ్మా, సీసాల బిరడాలుంటే ఇయ్యండి. అవి నానబెట్టనీకి జెర ఉడుకు నీళ్ళు సుత. నా పెండ్లానికి కాన్పు కష్టమైంది. బండి చెడిపోయింది."

లోపల సీసాలు కదిలిన చప్పుడు. తర్వాత సందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. గిన్నె నిండా పొగలు కక్కే నీళ్ళు, వాటిలో తేలుతున్న బిరడాలు. ఆ చెయ్యి మోచేతి దాకా తడిగా ఉంది. అంత ఉడుకు గిన్నెను ఉత్త వేళ్ళతో పట్టుకుంది.

"తొలిచూలా?"

"అవునమ్మా."

"ఇల్లెక్కడ?"

ఆ తొందరలో ఆలోచించలేదు. అల్వాల్‌లో ఏ గల్లీయో, తలుపు రంగేమిటో, అన్నీ చెప్పేశాను.

తలుపు మూసుకుంది.

తిరిగొచ్చి నానిన బిరడాలను చాకుతో కోసి, బెజ్జాల్లోకి అదిమి, రాయి మీద రుద్ది చదును చేస్తున్నాను. ఇంట్లో ఎవరో చేతులు కడుక్కుంటున్న చప్పుడు. నీళ్ళు పోసుకోవడం, రుద్దుకోవడం... మళ్ళీ పోసుకోవడం.

మేబెలమ్మ వంగి గుసగుసగా అంది. "కాన్పుకు పోయేముందు మేము గిట్లనే కడుక్కుంటం."

పళ్ళేలు ఎక్కించాను. స్ప్రింగులు బిగించాను.

చప్పుడు ఆగిపోయింది.

"జిలానీ... ఇల్లు ఎందుకు చెప్పినవ్ ఆమెకు?"

కిక్కు కొట్టాను. క్లచ్ పట్టింది. వెనక్కి తిరిగి చూడలేదు.

అల్వాల్ చేరేసరికి దీపాలు పెట్టే వేళ. మా అత్త జైతున్ బీ గడపలో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది.

"మళ్ళ ఈమెను ఎందుకు తెచ్చినవ్ బిడ్డా? నువ్వు తోలిచ్చిన దాయమ్మ ఎప్పుడో వచ్చె. కాన్పు చేసి పాయె. ఆడపిల్ల."

"నేనెవర్నీ తోలలేదు, అత్తమ్మా."

మేబెలమ్మ కుంటుతూనే లోపలికి పరుగెత్తింది. హజీరా బతికే ఉంది. పాప పక్కనే ఉంది, ఎర్రగా, గట్టిగా ఊపిరి తీస్తోంది. నేను ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను.

హజీరా నా చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళల్లో సంతోషం లేదు.

"ఇంకొకటేది?" అంది.

"ఏంది?"

"ఇద్దరు పుట్టిన్రు. ఒకర్ని ఎత్తుకొని ఆమె గోడ దిక్కు పోయింది. నాకు లేవ చాతగాలే... ఎక్కడ పెట్టింది?"

"జ్వరంల మాట్లాడుతున్నది," అంది అత్త. "నేను ఒక్క ఏడుపే విన్న. తలుపు కాడనే ఉన్న. దాయమ్మ ఉత్త చేతుల్తో పోయింది."

మేబెలమ్మ మూలనున్న తట్ట దగ్గర కూర్చుంది. కాన్పు తర్వాత పడిన మావిని దీపం వెలుగులో తిప్పి తిప్పి చూసింది. చాలాసేపు లేవలేదు. చివరికి నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

మావికి రెండు బొడ్డుతాళ్ళున్నాయి. ఒకటి నీటుగా కోసి ఉంది. రెండోది పీకినట్టు ఉంది.

తెల్లవారగానే నేనొక్కణ్ణే ఆ పెంకుటింటికి వెళ్ళాను. నిన్న తెరుచుకున్న తలుపుకే తుప్పు పట్టిన తాళం వేలాడుతోంది. రాయితో పగలగొట్టాను. నేలంతా దుమ్ము. నా అడుగులు తప్ప ఇంకొక అడుగు లేదు. పొయ్యిలో చెదలు పుట్ట పెట్టాయి.

వెనక గదిలో గోడ నుంచి గోడకు ఒక తాడు కట్టి ఉంది. దాని మీద పసిబిడ్డ గుడ్డలు ఆరేసి ఉన్నాయి. అప్పుడే ఉతికినట్టు... నీళ్ళు కారుతూ...

ఒకటి ముట్టుకున్నాను. ఇంకా వెచ్చగా ఉంది. పాల వాసన వేసింది.