కడాయి బండల కింద దాచింది

ఆర్మూర్ దాటి నందిపేట్ తొవ్వల కొంచెం దూరం పోతే ఎడమ దిక్కు ఏడు నల్ల బండలు ఉంటయి. ఎనుకట అక్కడ పసుపు వండేటోళ్లు. పగిలిన ఇనుప కడాయి ఒకటి ఇప్పటికీ బోర్ల పడి ఉన్నది. అందుకే కడాయి బండలు అంటరు. పొద్దు గూకినంక ఆ పేరు కూడ ఎవలు ఎత్తరు.

అక్కడ ఏది దాచినా ఉండదు — అదీ ఆ జాగకు వచ్చిన చెడ్డ పేరు.

ఒకడు దొంగిలించిన మోటరు వైరు బండ కింద పెట్టిపోయిండట. తెల్లారి చూస్తే రోడ్డు నడుమ చుట్ట చుట్టి ఉన్నది. ఇంకొకడు కల్లు సీసా దాచుకున్నడు. అది కూడ రోడ్డు మీదనే... చుక్క ఒలకకుండ.

షేర్ ఆటో నడిపే హన్మాండ్లు అయితే కండ్లార చూసిండు. నందిపేట్ దిక్కెల్లి ఖాళీగ వస్తుంటే, బండల నడుమ ఒక చిన్న దీపం — నేలకు జానెడు ఎత్తుల — మెల్లగ పోతున్నదట. దీపం పక్కన ఒక చెయ్యి. పచ్చటి చెయ్యి. బండ కిందికి పోయి తడుముతున్నది... బయటికి వస్తున్నది... ఇంకో బండ కిందికి పోతున్నది.

మూడు దినాలు జరంల పడి లేచినంక నాతోటి అన్నడు: "ఆమె లచ్చవ్వనే పెద్దమ్మా. ఏం దేవులాడుతున్నదో నాకు ఎరుకే."

లచ్చవ్వ సంగతి మా వయసోళ్లందరికి ఎరుకే. పంతొమ్మిది వందల ఎనభై ఆరు దాక ఆ బండల పక్కన గుడిసెల ఉండేది. పసుపు వండే కూలి. ఒక ఏడు ఊర్లె బర్లు వరుసగ చచ్చినయి. ఆమె గుడిసె కాడ బండ కింద ఒక డబ్బ దొరికింది — అండ్ల దారం చుట్టిన బొమ్మ, పసుపు కొమ్ములు. బాణామతి చేసిందన్నరు. "నాది కాదు" అన్నదట ఆమె. ఎన్నిసార్లు అన్నదో... తెల్లారేసరికి ఆ కడాయి కాడనే పాణం ఇడిసింది. డబ్బ ఎవలు పెట్టిన్రో ఈనాటిదాక తెల్వదు.

అందుకే ఇంకా దేవులాడుతదని అంటరు.

మేము ప్రభువును నమ్మినోళ్లం. దెయ్యాలకు భయపడొద్దని పాస్టరమ్మ చెప్తది. నేను పగటిపూట భయపడను.

రెండు వేల ఆరుల, వానలు వెనుకబట్టే రోజులల్ల నా బిడ్డ బిడ్డ రూత్ హైదరాబాద్ నుంచి వచ్చింది. కంప్యూటర్ల మ్యాపులు గీసే ఆఫీసుల నౌకరి ఆమెకు. చేతుల పచ్చని మిషన్ ఒకటి, సెల్‌ఫోన్ కన్న జర పెద్దది.

"ఆకాశంల యంత్రాలు తిరుగుతయి అమ్మమ్మా. నువ్వు ఏడ నిలవడ్డవో ఇండ్ల నంబరు వస్తది."

"నేను ఏడ నిలవడ్డనో నాకు ఎరుకనే గదనే," అన్న.

నవ్వింది. అదొక ఆట అట. ఒక డబ్బ ఎక్కడన్న దాచి, ఆ జాగ నంబరు ఇంటర్నెట్‌ల పెట్టాలె. ఆ నంబరు పట్టుకొని ఎక్కడెక్కడోళ్లో దేవులాడుకుంట వస్తరు. దొరికినంక అండ్ల ఉన్న చిన్న పుస్తకంల పేరు రాసి, డబ్బను మళ్ల అక్కడనే పెట్టిపోతరు. జియోక్యాష్ అంటరట దాన్ని.

"దొరికినోళ్లకు ఏమిస్తరే?"

"ఏమియ్యరు. పేరు రాసుకుంటరు, అంతే. జర్మనీ నుంచి కూడ వస్తరు అమ్మమ్మా."

మంచం మీద పండుకున్న నా కొడుకు దయానంద్ మూలుగుకుంటనే అన్నడు: "జర్మనీ ఆయన ఆర్మూర్ల ఏం జూస్తడే? నా మోకాళ్ల నొప్పులా?"

ఆ ఏడు అందరి మోకాళ్లు అట్లనే ఉండె. జరం వచ్చేది, పోయేది, కీళ్లు మాత్రం ఇడిసేది కాదు. చికున్‌గున్యా అని దవాఖానల చెప్పిన్రు. మా దిక్కు ఇద్దరు ముసలోళ్లు, ఒక చంటిపిల్ల పోయిన్రు. అప్పటి సంది బోరింగుల కాడ గుసగుసలు లేచినయి... ఇది వచ్చిన జరం కాదు, ఎవలో చేసిన జరం అని.

రూత్ స్టీలు టిఫిన్ డబ్బ తెచ్చుకున్నది. పుస్తకం పెట్టింది, పెన్సిల్ పెట్టింది, చిన్న బట్టబొమ్మ పెట్టింది. "మన ఆర్మూర్‌ది ఏమన్న ఉండాలె అమ్మమ్మా," అన్నది. నేను ఐదు పసుపు కొమ్ములు ఇచ్చిన. విడివిడిగ దొర్లుతున్నయని ఎర్ర దారంతోటి కట్టిన. నా చేతులతోటే కట్టిన. అప్పుడు నాకు తట్టలే. కండ్ల ముందరి పని, చేతులల్ల ఉన్న పని, ఎట్ల తట్టలేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఎక్కడ దాచాలెనో రెండు దినాలు ఆలోచించింది. గుట్ట మీద పెడుదామంటే కోతులు. మార్కెట్ యార్డుల పెడుదామంటే అక్కడ హమాలీల కండ్లు పడని మూల లేదు. చర్చి గోడల బొక్క ఉన్నది గని, పాస్టరమ్మ ముందుగాల నన్నే పట్టుకుంటది.

మూడో దినం మాపటీలి దయానంద్ స్కూటీ తీస్కొని ఒక్కతే పోయింది. దీపాలు పెట్టే యాల్లకు వచ్చింది. మొఖం వెలిగిపోతున్నది.

"దొరికింది అమ్మమ్మా! మస్తు జాగ. నందిపేట్ తొవ్వల నల్లబండలు. ఒక్క మనిషి రాడట అక్కడికి. రెండో బండ కింద పెట్టిన. పక్కన ఒక గుడిసె ఉన్నది గని, ఎవలు అగుపడలే."

అన్నం ముద్ద నా చేతులనే ఆగిపోయింది.

"అండ్ల ముసలామె ఉంటదే. భాగ్యవ్వ... లచ్చవ్వ చెల్లె."

లచ్చవ్వ సంగతి అంత చెప్పిన. రూత్‌కు ముందు సమజ్ కాలే. "నీ డబ్బల ఏమేమున్నయో చెప్పు," అన్న.

"పుస్తకం, పెన్సిల్, బొమ్మ..." అని ఆగింది. "పసుపు కొమ్ములు... ఎర్ర దారం..."

దయానంద్ మోచేతుల మీద లేచి కూసున్నడు. "పుస్తకంల ఏమన్న రాసినవా?"

"మన ఇంటోళ్ల పేర్లు రాసిన మామా. మొట్టమొదట మనయే ఉండాలని."

బొమ్మ, దారం, పసుపు. జరంల పడ్డ మనిషి పేరు. ఒంటరి ముసలామె గుడిసె పక్కన... అది ఎవలకన్న దొరికితే భాగ్యవ్వను రేపటిదాక బతకనియ్యరు.

"పెడ్తుంటే ఎవలన్న చూసిన్రా బిడ్డా?"

"బర్లు తోలుకపోయేటాయన ఒకాయన చూసిండు. నేను నవ్విన..." రూత్ చెప్పులేసుకుంటున్నది. "ఆయన నవ్వలే. నేను పోయి తెచ్చుకుంట అమ్మమ్మా. వేరే జాగ చూస్త. లేకుంటే అసలే పెట్ట."

దయానంద్ లేవబోయి మంచం పట్టె పట్టుకొని మళ్ల కూలబడ్డడు. చీకటి పడ్డంక హన్మాండ్లు ఆ తొవ్వకు రాడు. స్కూటీ వెనుక నేనే ఎక్కిన.

ఎనిమిది అయి ఉంటది. కరెంటు పోయి ఉన్నది. రోడ్డు మీద బండి ఆపి, పొలం గట్టు మీద నడిచినం. చీకట్ల బండలన్ని ఒక్కతీరుగనే ఉన్నయి. రూత్ చేతుల మిషన్ ఒక్కటే వెలుగుతున్నది.

"అరవై మీటర్లు," అన్నది గుసగుసగ.

కప్పలు అరుస్తున్నయి.

"నలభై."

కప్పలు అరుసుడు బందైంది.

నేను రూత్ భుజం గట్టిగ పట్టుకున్న. బండల నడుమ... నేలకు జానెడు ఎత్తుల... దీపం.

కదులుతున్నది. ఆగింది. దాని పక్కన ఒక చెయ్యి వచ్చింది. పచ్చటిది, వేళ్లు వంకర్లు పోయినయి. మొదటి బండ కిందికి పోయింది. తడిమింది. బయటికి వచ్చింది.

నా నోట్లె ప్రార్థన కూడ రాలే.

"అమ్మమ్మా... రెండో బండ కాడికే పోతున్నది."

"ఇంటికి పోదాం పా."

"పోతే ఎట్ల? దొరుకుతది." మిషన్ చూసుకుంట నడిచింది పిల్ల. నేను ఆమె కొంగు పట్టుకొని నడిచిన. "ఇరవై... పద్నాలుగు..."

చెయ్యి బండ కిందికి పోయింది. శానసేపు రాలే. వచ్చినప్పుడు వేళ్ల నడుమ స్టీలు తళుక్కుమన్నది.

రూత్ ఒక అడుగు ముందుకు వేసింది. "అది... అది నాది."

ఉఫ్... దీపం ఆరిపోయింది.

చీకటి. ఎవలదో ఊపిరి... గురగురమంట. ఆ తర్వాత ఒక గుసగుస — "నీదా?"

"నాదే."

"మళ్ల చెప్పు. నీదేనని చెప్పు."

ఆ గొంతు నాకు ఎరుకే. చిన్నప్పుడు ఒక్క కల్లంల పసుపు కొమ్ములు ఏరినోళ్లం. "భాగ్యవ్వా... నువ్వానే?"

అగ్గిపుల్ల గీసింది. ముడతల మొఖం, మసకబారిన కండ్లు. పగలంత పసుపు మిల్లుల పని చేసి మోచేతుల దాక పచ్చబడ్డ చేతులు. ఆ చేతులల్ల మా డబ్బ.

"రాత్రిపూట ఈడ ఏం జేస్తున్నవే?"

"చూసుకుంటున్న. ఎవలన్న ఏమన్న పెట్టిన్రేమోనని."

"ఎప్పటి సంది?"

"అక్క పోయిన సంది."

ఇరవై ఏండ్లు. రోజూ రాత్రి, ఏడు బండలు. ఏది దొరికినా తీస్కపోయి తన గుడిసెకు దూరంగ రోడ్డు మీద పెట్టి వచ్చేది.

"నిన్ను అందరు దెయ్యం అంటున్నరు, ఎరుకనా?"

"అననియ్యి. దెయ్యం అంటే రారు. మనిషి అని ఎరుకైతెనే వస్తరు."

డబ్బ రూత్ చేతుల పెట్టింది. పెట్టి, పిల్ల మణికట్టు ఇడువలే. "ఇంకేడన్న పెట్టిన్రా బిడ్డా? కోపం చెయ్య, చెప్పు. నాకు కండ్లు ఆనుతలేవు. గా మూడో బండ బొక్క లోతున్నది. జరం వచ్చినప్పటి సంది నా చెయ్యి అందాక పోతలేదు. నాలుగు దినాలైంది దాన్ని చూడక."

"ఏం పెట్టలేదవ్వా. ఒక్కటే."

"జర చూడు బిడ్డా. ఒక్కసారి చూడు."

ముసలామె మనసు కుదుటపడాలని రూత్ వంగి, మూడో బండ కింద మోచేతి దాక చెయ్యి పెట్టింది. నవ్వుకుంటనే పెట్టింది. నవ్వు ఆగిపోయింది.

బయటికి తీసింది. ఎర్రబట్ట మూట.

"అమ్మమ్మా," అన్నది, నాకు మాత్రమే ఇనబడేటట్టు. "ఇది మనది కాదు."

మిషన్ వెలుగుల విప్పి చూసినం. పిండిబొమ్మ. మేకులు. బొమ్మకు పూసిన పసుపు రూత్ వేళ్లకు అంటింది — ఇంకా తడిగ ఉన్నది. మడత పెట్టిన కాయితం ఒకటి. అరవై ఏండ్లకు నేను రాత్రి బడిల నేర్చుకున్న అక్షరాలు... ఒక్కొక్కటి కూడబలుక్కొని చదివిన. పోయిన ఇద్దరు ముసలోళ్ల పేర్లు. చంటిపిల్ల పేరు. నాలుగోది నా కొడుకు పేరు.

రాత గుండ్రంగ, సక్కగ ఉన్నది. భాగ్యవ్వకు వేలిముద్ర తప్ప రాదు.

"ఏం దొరికింది బిడ్డా?" అని అడిగింది ఆమె.

రూత్ నా దిక్కు చూసింది.

"ఏం లేదవ్వా," అన్న. "ఎలుక గూడు."

మూట రూత్ సంచిల పోయింది. "మా ఇంటికి పా భాగ్యవ్వా, ఇయ్యాల మా ఇంట్ల పండుకో," అన్న. "ఈడ చూసుకోకపోతే ఎట్ల?" అన్నది. చూసినం గద అంటే, ఇంకా నాలుగు బండలు ఉన్నయి అన్నది. ఆ నాలుగు కూడ చూసినం. ఒక్కొక్కటి, ఆమె చెయ్యి పట్టుకొని. అప్పుడు కదిలింది. స్కూటీ మీద ఇద్దరి నడుమ కూసుంటే, ఖాళీ గోనె సంచి పెట్టినట్టే ఉన్నది.

మూటను పొయ్యిల కాల్చిన. కాయితం మాత్రం రూత్ కాల్చనియ్యలే, పోలీసులకు చూపించాలె అన్నది. అట్లనే అన్న. గని ముందుగాల భాగ్యవ్వ ఊరు దాటాలె అన్న.

పొద్దు పొడవక ముందే హన్మాండ్లు వచ్చిండు, రూత్‌ను, భాగ్యవ్వను బస్టాండుకు తోలనీకి.

"రాత్రి మంది పోయిన్రు పెద్దమ్మా, కడాయి బండలకు. ఇరవై మంది. కట్టెలు, గ్యాసునూనె. నా ఆటో ఆపి బలవంతంగ ఐదారుగురు ఎక్కిన్రు, నేను ఆటో లైటు బండల మీదికి పెట్టి రోడ్డు మీదనే ఉన్న. గుడిసెల ఎవలు లేరు. అయితే బాణామతి సామాను దేవులాడుదాం అన్నరు. ముందల ఒకాయన... తలకు తువ్వాల, మొఖం ఆనలే. టార్చ్ కూడ వెయ్యలే పెద్దమ్మా. మొదటి బండ చూడలే, రెండోది చూడలే. సీదా మూడో బండ కాడికి పోయి, పండుకొని, మోచేతి దాక చెయ్యి పెట్టిండు. ఖాళీ చెయ్యి తీసి... దాన్నే చూసుకుంట నిలవడ్డడు."

రూత్, భాగ్యవ్వ తొలి బస్సుకు పోయిన్రు. ఆ జాగ నంబరు రూత్ ఇంటర్నెట్‌ల ఎక్కియ్యలే. ఎక్కడా ఎక్కియ్యలే.

పగటీలి దయానంద్‌ను చూడనీకి మా గల్లీ ఆయన ఒకాయన వచ్చిండు. పేరు రాయను. గల్లీల అందరికి పింఛన్ కాయితాలు రాసిచ్చేది ఆయననే, మంచి మనిషని పేరు. చేతుల నాలుగు బత్తాయిలు. మంచం పక్కన కూసొని, "ఎట్లున్నది తమ్మీ?" అని ప్రేమగ అడిగిండు. ఒక బత్తాయి తీసి వొలిచిండు.

"భాగ్యవ్వ అగుపడ్తలేదట పెద్దమ్మా," అన్నడు తల ఎత్తకుండ. "ఎటు పోయిందో పాపం."

వొలిచేటప్పుడు అంగీ చెయ్యి పైకి జరిగింది. మణికట్టు నుంచి మోచేతి దాక తోలు గీరుకపోయి ఉన్నది. పచ్చి గాయం, అండ్ల నల్లటి బండ ఇసుక ఇంకా మెరుస్తున్నది.

ఒక తొన తీసి నా కొడుకు నోటి కాడికి పట్టిండు.

నేను చెయ్యి అడ్డం పెట్టిన.